ముందు ఇంజను బరువు, తర్వాతే పానా

మరపడవలు నడిపేవారి నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడిగాయి. అది ఔట్‌బోర్డ్ ఇంజనును, అంటే పడవ వెనుక పలకకు బయట తగిలించే ఇంజనును, పైకెత్తి దించే ట్రిమ్–టిల్ట్ యూనిట్‌ను విప్పడం. అందుచేత మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పేజీలను దానికే కేటాయిస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. మన మెకానిక్కులు పడవ ఇంజనునూ మోటారే అంటారు, దాన్ని ఎత్తే కరెంటు మోటారునూ మోటారే అంటారు. ఫోనులో సలహా అడిగేటప్పుడు ఈ గందరగోళం వల్లనే ఒకటి చెబితే ఇంకొకటి విప్పుతుంటారు. ఈ జవాబుల్లో ‘ఇంజను’ అంటే పడవను నడిపే పెట్రోలు ఇంజను, ‘పంపు మోటారు’ అంటే యూనిట్‌లో నూనెను తోసే చిన్న కరెంటు మోటారు.

ప్రశ్న: హుస్సేన్ సాగర్‌లో పిల్లలకు తెరచాప పడవలు నేర్పే మా బృందానికి ఒక సహాయక పడవ ఉంది. దానికి 60 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజను బిగించి ఉంది. సాయంత్రం ఇంజనును నీళ్లలోంచి పైకెత్తి వెళ్తే తెల్లారేసరికి సగం దాకా దిగి ఉంటోంది. స్విచ్ నొక్కితే మళ్లీ మామూలుగానే లేస్తోంది. చూసిన మెకానిక్ ట్రిమ్–టిల్ట్ యూనిట్ మొత్తం విప్పి తెమ్మన్నాడు. మేమే విప్పుకోవచ్చా? ఏ క్రమంలో విప్పాలి? – ఒక పాఠకుడు, బేగంపేట

జవాబు: విప్పుకోవచ్చు. అయితే విప్పవలసిన అవసరం ఉందో లేదో ఒక రాత్రి ఆగి తేల్చుకోండి. స్విచ్ నొక్కగానే ఇంజను లేస్తోందంటే మీ బ్యాటరీ, రిలేలు (స్విచ్ నొక్కగానే పంపు మోటారుకు కరెంటు కలిపేవి), పంపు మోటారు, పంపు తమ పని తాము చేస్తున్నట్టే. ఎత్తిన తర్వాత ర్యామ్ (నూనె తోపుకు బయటికి సాగి ఇంజనును ఎత్తే కడ్డీ) కింద నిలబడి ఉండవలసిన నూనె మాత్రం ఎక్కడో దారి చేసుకుని వెనక్కి జారుకుంటోంది. ఆ దారుల్లో ఖర్చు లేకుండా మూయగలిగినది మాన్యువల్ రిలీజ్ స్క్రూ. బ్యాటరీ డౌనైనప్పుడు ఇంజనును చేత్తో ఎత్తడానికీ దించడానికీ వీలుగా ఇంజనును పడవకు పట్టి ఉంచే క్లాంప్ బ్రాకెట్ పక్కనున్న రంధ్రంలో ఈ స్క్రూ ఉంటుంది. ఎవరో ఎప్పుడో అవసరానికి దాన్ని వదులు చేసి, పూర్తిగా బిగించకుండా వదిలేసి ఉండవచ్చు. వెడల్పు మొన ఉన్న స్క్రూడ్రైవర్‌తో సవ్యదిశలో ఆగేదాకా తిప్పండి. ఆగిన తర్వాత మాత్రం బలం చూపించకండి; గాడి చెదిరినా, లోపల నూనె కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగు తెగినా, లేని జబ్బును మనమే తెచ్చుకున్నట్టవుతుంది.

స్క్రూ బిగించిన రాత్రి పడవను ఒడ్డున ట్రెయిలర్ మీద ఉంచి, ఇంజనును పూర్తిగా ఎత్తి, బయటికి కనిపిస్తున్న ర్యామ్ పొడవును స్కేలుతో కొలిచి రాసుకోండి. యూనిట్ కింద నేల మీద ఒక పాత దినపత్రిక పరచండి. తెల్లారి మళ్లీ కొలవండి. కాగితం మీద నూనె మరక ఉంటే కారుతున్నది బయటి సీలు. మరక లేకుండా ర్యామ్ దిగి ఉంటే నూనె లోలోపలే ఒక గది నుంచి మరో గదికి పోతోందన్నమాట. పిస్టన్ ఓ-రింగు అరిగిపోవడమో, నూనెను వెనక్కి రానివ్వకుండా ఆపే చెక్ వాల్వు కింద నలుసు చిక్కుకోవడమో దానికి కారణం. ఈ రెండింటిలో ఏది తేలినా మీ మెకానిక్ చెప్పింది సబబే, విప్పవలసిందే. ర్యామ్ కదలలేదా, మీ పని అక్కడితో అయిపోయింది.

ఇక విప్పే సంగతి. నా వర్క్‌షాపు గోడకు ఒక మేకు మీద 17 నంబరు పానా ఒకటి వేలాడుతూ ఉంటుంది. మధ్యలో అరటికాయలా వంగిపోయిన పానా అది. ఈ పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఇంజనును పైకెత్తి, దానికున్న టిల్ట్ సపోర్ట్ లివర్ వేసి, ఆ లివర్ మోస్తుందిలే అన్న ధీమాతో నేను ర్యామ్ పై కొసను ఇంజనుకు కలిపే పిన్నును సుత్తితో కొట్టి బయటికి తీశాను. పిన్ను వచ్చింది, లివర్ జారింది, ఇంజను వచ్చి బ్రాకెట్ మీద పడింది. ఆ రెండింటి మధ్య నేను మరిచిపోయిన పానా ఉంది. అంతకు ముందు నిమిషం దాకా అక్కడ ఉన్నవి నా వేళ్లు. 60 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజను సుమారు 110 కిలోలు తూగుతుంది, అంటే 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగింటికి పైమాటే. మీరు విప్పబోతున్నది ఆ బరువును మోస్తున్న భాగాన్నే. అందువల్ల ఈ పనిలో బోల్టులు, పిన్నులు విప్పడం సులభమైన సగం; ఆ బరువును ముందుగా దేని మీదికి మార్చారన్నది అసలైన సగం.

పడవ నీటిలో ఉండగా ఈ పని మొదలుపెట్టకండి. ట్రెయిలర్ మీద గట్టి నేలకు తెచ్చి చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ఇంజనును స్విచ్‌తో చివరిదాకా ఎత్తి సపోర్ట్ లివర్ వేయండి, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోకండి. పైనున్న గట్టి దూలానికి గానీ, ఇనుప గొట్టాల మూడుకాళ్ల స్టాండుకు గానీ చైన్ బ్లాక్ తగిలించి, వెడల్పు నైలాన్ బెల్టును ఇంజను నడుము చుట్టూ జారకుండా వేసి, గొలుసు బిగుతుగా అయ్యేదాకా లాగండి. బరువు నిజంగా గొలుసు మీదికి వచ్చిందా, ఇంకా ర్యామ్ మీదే ఉందా అని తేల్చుకోవడానికి మాన్యువల్ రిలీజ్ స్క్రూను నెమ్మదిగా వదులు చేయండి. ఇంజను వెంట్రుకవాసి కూడా దిగకపోతే గొలుసు మోస్తున్నట్టు. కాస్త దిగి లివర్ మీద ఆగిందంటే స్క్రూ బిగించి, మళ్లీ స్విచ్‌తో ఎత్తి, గొలుసును ఇంకో లంకె లాగండి.

ర్యామ్ పూర్తిగా బయటికి చాచి ఉన్న ఈ స్థితిలోనే నూనె గది మూత తెరిచి మట్టం చూడండి. నూనె రంధ్రం అంచు దాకా ఉండాలి. ఇంజను కిందికి దిగి, ర్యామ్ లోపలికి ముడుచుకుని ఉన్నప్పుడు ఆ మూతను ఎన్నడూ తీయకూడదు. లోపలి ఒత్తిడికి నూనె నేరుగా ముఖం మీదికి చిమ్ముతుంది. నూనె పాలు ఎక్కువైన టీ రంగులో కనిపిస్తే నీళ్లు చేరాయన్నమాట. అలాంటప్పుడు ఒక్క ఓ-రింగు మార్చి ఊరుకోవడం దండగ, మొత్తం సీళ్ల కిట్టు వేయించుకోండి.

ఆ తర్వాత పై పిన్ను. దాన్ని చాలా ఇంజన్లలో సర్‌క్లిప్పులు అనే స్ప్రింగు రింగులు పట్టి ఉంచుతాయి. సర్‌క్లిప్ ప్లయర్‌తో తీసేటప్పుడు మీద ఒక గుడ్డ కప్పండి, లేకపోతే అది ఎగిరి ఏ గడ్డిలో పడిందో సాయంత్రం దాకా వెతకాలి. పిన్నును ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టండి. బరువు సరిగ్గా గొలుసు మీద ఉంటే, తుప్పు లేని పిన్ను దాదాపు చేతి తోపుకే కదులుతుంది. కదలకపోతే పెద్ద సుత్తి కోసం వెళ్లకండి; గొలుసును కొద్దిగా ఎత్తో, కొద్దిగా దించో చూడండి. పది సందర్భాల్లో తొమ్మిదిసార్లు పిన్నును పట్టి ఉంచేది తుప్పు కాదు, బరువే. పిన్ను వచ్చాక స్విచ్‌ను దించే వైపు కొద్ది కొద్దిగా నొక్కితే ర్యామ్ ఒంటరిగా లోపలికి ముడుచుకుంటుంది. బ్యాటరీ తీగలు ముందే పీకేసినవారు ఈ సౌకర్యాన్ని పోగొట్టుకుని, మాన్యువల్ స్క్రూ వదులు చేసి ర్యామ్‌ను చేత్తో తోస్తూ చెమటలు కక్కుతారు.

ర్యామ్ ముడిచాక బ్యాటరీ నెగటివ్ తీగను విప్పండి. ఇంజను పై కవరు తీస్తే పంపు మోటారు నుంచి వచ్చే లావు తీగలు రెండు కనిపిస్తాయి. చాలా బ్రాండ్లలో నీలం తీగ ఎత్తడానికి, ఆకుపచ్చ తీగ దించడానికి. ఫోనుతో ఒక ఫోటో తీసుకుని వాటి కనెక్టర్లు విప్పండి. తీగలు కిందికి లాగేముందు వాటి కొసకు రెండు మీటర్ల పురికొస కట్టండి. తీగ బయటికి వచ్చేసరికి పురికొస ఆ దారిలో ఉండిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు తీగను దానికే కట్టి పైకి లాగితే, బ్రాకెట్ సందుల్లో చువ్వ పెట్టి పొడిచే బాధ తప్పుతుంది. యూనిట్‌కు అతికించిన సన్నని ఎర్త్ తీగను విప్పడం మరవకండి, తొందరలో అందరూ తెంపేది దాన్నే.

ఇక మిగిలింది కింది పిన్ను, యూనిట్‌ను బ్రాకెట్ల మధ్య పట్టి ఉంచే బోల్టులు. ఇక్కడ మోడల్‌ను బట్టి దారి చీలుతుంది. కొన్నింటిలో కింది పిన్నును పక్కకు తోస్తే యూనిట్ నేరుగా కిందికి వచ్చేస్తుంది. మరికొన్నింటిలో రెండు క్లాంప్ బ్రాకెట్ల మధ్య ఖాళీ చాలక, ఇంజను లేచి దిగడానికి ఇరుసుగా ఉండే టిల్ట్ ట్యూబ్ కొసనున్న పెద్ద నట్టును విప్పి, ఒక పక్క బ్రాకెట్‌ను పడవ వెనుక పలకకు పట్టి ఉంచే బోల్టులనూ విప్పి, దాన్ని కాస్త పక్కకు జరపవలసి వస్తుంది. అది రెండో రకమైతే నడుముకు వేసిన బెల్టు చాలదు. తయారీదారు ఇచ్చిన లిఫ్టింగ్ కొక్కేనికి గొలుసు తగిలించి, ఇంజనును మొత్తంగా పడవ నుంచి దించి స్టాండు మీద పెట్టుకుని చేయడమే క్షేమం. మీ ఇంజను సర్వీస్ మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చూసి, ఏ రకమో తెలుసుకున్నాకే పానా పట్టండి. యూనిట్ బయటికి వచ్చేటప్పుడు కింద రెండో మనిషి ఉండాలి. దాన్ని తీగలతో గానీ, ర్యామ్ పట్టుకుని గానీ మోయకూడదు. మెరిసే ర్యామ్ మీద ప్లయర్ గాటు ఒక్కటి పడినా కొత్త సీలు వారం తిరిగేలోగా కారుతుంది.

తిరిగి బిగించడం ఇదే క్రమానికి తలకిందులు. పిన్నులకూ బుష్‌లకూ నీటిని తట్టుకునే మెరైన్ గ్రీజు పూయండి, పాత సర్‌క్లిప్పులు మళ్లీ వాడకండి. గొలుసు తీసేముందు మాన్యువల్ స్క్రూ బిగించి ఉందో లేదో చూడండి. ఆ తర్వాత గాలి తీయాలి. ఇంజనును పూర్తిగా ఎత్తి, కొన్ని నిమిషాలు ఆగి, నూనె మట్టం నింపి, మూత బిగించి, పూర్తిగా దించి, మళ్లీ ఎత్తాలి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే పంపు చేసే గరగర శబ్దం తగ్గి ఒకే స్వరంలోకి వస్తుంది.

ప్రశ్న: కాకినాడ నుంచి సెకండ్ హ్యాండ్‌లో 40 హార్స్‌పవర్ ఇంజను కొని తెచ్చాను. టిల్ట్ యూనిట్ విప్పబోతే కింది పిన్ను రాయిలా బిగుసుకుపోయింది. బరువు మొత్తం చైన్ బ్లాక్ మీదే ఉంది, అది చూసుకున్నాను. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి కొట్టమని వెల్డింగ్ షాపతను అంటున్నాడు. కాల్చవచ్చా? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఎర్రగా కాల్చమన్నవారు ఇనుముతో పనిచేసే అలవాటు కొద్దీ అన్నారు. మీ బ్రాకెట్ అల్యూమినియం. అది ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు; 660 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, రంగు మారకుండానే, ఒక్కసారిగా కుంగిపోతుంది. అందులో కలిపిన ఇతర లోహాలను బట్టి అంతకంటే ముందే మెత్తబడుతుంది. పైగా పక్కనే పెట్రోలు గొట్టం ఉంటుంది.

వేడి మంచి ఆలోచనే, మంట మంచిది కాదు. పిన్ను స్టెయిన్‌లెస్ స్టీలు, బ్రాకెట్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది. 20 మిల్లీమీటర్ల పిన్ను రంధ్రాన్ని 100 డిగ్రీలు అదనంగా వేడి చేస్తే, పిన్నుతో పాటు రంధ్రమూ సమానంగా వేడెక్కినా, రెండింటి మధ్య మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త పైగా ఖాళీ ఏర్పడుతుంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది గానీ, తుప్పు పొడి పట్టు వదలడానికి, నూనె లోపలికి పాకడానికి అది చాలు. బ్రాకెట్ బయటి వైపు నుంచి హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేసి, పిన్ను కొసన తుప్పు వదిలించే నూనె వేసి, చల్లారనిచ్చి, రాత్రంతా వదిలేసి, తెల్లారి మళ్లీ ఇదే చేయండి. పెట్రోలు ట్యాంకును, గొట్టాన్ని ముందే దూరంగా పెట్టండి. నూనె వేసిన వెంటనే గన్ పెట్టకండి, అదీ మండే సరుకే. రెండు మూడు రోజులు పట్టినా విసుక్కోకండి. ఇత్తడి కడ్డీ మీద గట్టిగా ఒక్క దెబ్బ వేయడం కంటే మధ్యస్థంగా ఇరవై దెబ్బలు, ఒకసారి అటు, ఒకసారి ఇటు వేయడమే పనిచేస్తుంది. పిన్ను కొస పుట్టగొడుగులా విచ్చుకుంటే అది ఆ రంధ్రంలోంచి ఇక రాదు.

అప్పటికీ రాకపోతే గ్రైండర్ తీసుకోకుండా ఇంజను బ్రాకెట్ సహా బాలానగర్‌లోని ఏ మంచి లేత్ షాపుకైనా తీసుకెళ్లండి. ప్రెస్సు మీద తోయించడం, అదీ కుదరకపోతే పిన్నును డ్రిల్ చేయించి కొత్త బుష్ వేయించడం వాళ్లకు రోజూ ఉండే పని. పిన్ను కోసం బ్రాకెట్‌ను బలిపెట్టడం కన్నా అది వేయి రెట్లు నయం.

మరో మాట. సముద్రం మీద తిరిగిన ఇంజనుకు బ్రాకెట్ కింద జింకు ఆనోడ్ ఉంటుంది. ఉప్పునీటిలో తుప్పును తన మీద వేసుకుని అరిగిపోవడం దాని ఉద్యోగం. మన చెరువుల మంచినీటిలో జింకు మీద పొర కట్టి అది పని మానేస్తుంది. ఇంజను ఇక ఇక్కడే తిరుగుతుందంటే, ఎటూ విప్పారు కాబట్టి, మెగ్నీషియం ఆనోడ్ దొరికితే అది వేయండి. దాని మీద రంగు మాత్రం పూయకండి.

ప్రశ్న: యూనిట్ విప్పి సీళ్లు మార్చాము. నింపడానికి అసలు నూనె దొరకలేదు. బైక్ బ్రేక్ నూనె పోయవచ్చా? – ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: పోయకూడదు. బ్రేక్ నూనె గ్లైకాల్ జాతిది. ఈ యూనిట్‌లోని సాధారణ నైట్రైల్ రబ్బరు సీళ్లను అది ఉబ్బించి పాడుచేస్తుంది. ఇప్పటికే పోసి ఉంటే కొత్త సీళ్లు మళ్లీ మార్చవలసి రావచ్చు. చాలా జపాన్ ఇంజన్లు ఆటోమేటిక్ గేర్ కార్లలో వాడే డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ నూనెనే అడుగుతాయి, అది రాణీగంజ్‌లో ఏ నూనెల దుకాణంలోనైనా దొరుకుతుంది. మీ మాన్యువల్ వేరే నూనె పేరు చెబితే దాన్నే పోయండి. డబ్బా మూత తీసి నెలలు గడిచిన నూనె వద్దు.

ప్రశ్న: మా 30 హార్స్‌పవర్ ఇంజనుకు స్విచ్ లేదు, చేత్తోనే ఎత్తుతాము. అయినా కింద ఒక సిలిండర్ ఉంది. ఇప్పుడు ఎత్తడం కష్టంగా ఉంది. ఆ సిలిండర్ విప్పి సీలు మార్చవచ్చా? – ఒక పాఠకుడు, ఘట్‌కేసర్

జవాబు: ఇంజను బరువును గొలుసు మీదికి మార్చి, సిలిండర్‌ను ఇంజను నుంచి విడదీయవచ్చు. సిలిండర్‌ను మాత్రం విప్పకూడదు. మీది గ్యాస్ సాయంతో లేచే రకం. అందులో అధిక పీడనంతో గ్యాస్ బంధించి ఉంటుంది. కారు డిక్కీని ఎత్తే కడ్డీల్లాగే దీన్నీ కోయకూడదు, వేడి చేయకూడదు, రంధ్రం వేయకూడదు. గ్యాస్ పోయిందని తేలితే మార్చడమే మార్గం. కొత్తది కొనేముందు ఒకసారి టిల్ట్ ట్యూబ్‌కు గ్రీజు పట్టించి చూడండి, చాలాసార్లు బరువనిపించేది ఆరిపోయిన ఆ ట్యూబే.

ప్రశ్న: స్విచ్ నొక్కితే ‘టిక్’ మని మాత్రం వినిపిస్తోంది. ఇంజను పైకీ కిందికీ కదలదు. యూనిట్ విప్పించాలా? – ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఇప్పుడే వద్దండి. ‘టిక్’ మన్నది రిలే. అంటే స్విచ్ నుంచి రిలే దాకా కరెంటు వస్తోంది, అక్కడి నుంచి పంపు మోటారు దాకా పోవడం లేదు, లేదా పోయినా మోటారు తిరగడం లేదు. ముందుగా బ్యాటరీ టెర్మినళ్లను విప్పి శుభ్రం చేసి బిగించండి. పంపు మోటారు లాగే కరెంటు ఎక్కువ కాబట్టి, దీపాలు వెలిగించగలిగే బ్యాటరీ కూడా దీని దగ్గర చేతులెత్తేయవచ్చు. తర్వాత ఎత్తే రిలేనూ దించే రిలేనూ ఒకదాని స్థానంలో ఒకటి మార్చి చూడండి. చాలా ఇంజన్లలో అవి ఒకే రకంవి. మార్చాక ఇంజను ఒక వైపు కదిలితే దోషం రిలేలోనే ఉంది.

రెండూ అయ్యాక పంపు మోటారు తీగల కనెక్టర్ విప్పి, 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చి చూడాలి. రెండు తీగల మోటారైతే నీలానికి పాజిటివ్, ఆకుపచ్చకు నెగటివ్ ఇస్తే ఎత్తాలి, తారుమారు చేస్తే దించాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు ఇంజను కింద ఎవరూ ఉండకూడదు, పెట్రోలు ఆవిరి లేకుండా కవరు తీసి కాసేపు గాలి తగలనివ్వాలి, ఎందుకంటే తీగ తాకించిన చోట నిప్పురవ్వ వస్తుంది. ఇలా ఇచ్చినా మోటారు ఉలకకపోతే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగాయో, నీళ్లు చేరి తుప్పు పట్టిందో అనుకోవచ్చు. అప్పుడు కూడా చాలా మోడళ్లలో పంపు మోటారును మాత్రమే పైనుంచి నాలుగు స్క్రూలు తీసి వేరు చేయవచ్చు, యూనిట్ మొత్తాన్ని కదపనక్కరలేదు. ఇంజను కిందికి దిగి ఉన్న స్థితిలో ఆగిపోయి ఉంటే, ఆ నాలుగు స్క్రూలకు ముందు మాన్యువల్ రిలీజ్ స్క్రూ తిప్పి, ఇద్దరు మనుషులు ఇంజనును చేత్తో ఎత్తి, గొలుసుకు కట్టాలి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. మా ప్రాజెక్టు కోసం ఒక పాత టిల్ట్ యూనిట్ విప్పాము. చిన్న పంపు మోటారు ఇంత బరువును ఎలా ఎత్తుతోంది? పిస్టన్‌లో చిన్న స్టీలు గుండ్లు, స్ప్రింగులు కనిపించాయి, అవి ఎందుకు? యూనిట్ తిరిగి బిగించాక రివర్స్ గేరులో ఇంజను తనంతట తానే పైకి లేస్తోంది. మేము చేసిన తప్పేమిటి? – ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు మీ పాఠ్యపుస్తకంలోని పాస్కల్ సూత్రమే. పంపు నూనెను చదరపు సెంటీమీటరుకు 100 కిలోల పీడనంతో తోస్తోందనీ, పిస్టన్ వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లనీ అనుకుందాం. తోపు 1,000 కిలోలవుతుంది. ఇంజను బరువు అందులో చిన్న భాగమే గదా అనిపించవచ్చు. కానీ ర్యామ్ ఇంజనును తోసేది టిల్ట్ ట్యూబ్ అనే ఇరుసుకు చాలా దగ్గరగా, ఇంజను బరువు ఉండేది ఇరుసుకు దూరంగా. తలుపును బందుల పక్కన తోసి చూస్తే ఎంత బలం కావాలో తెలుస్తుంది. అదే ఇక్కడి లెక్క. పిన్ను తీసేటప్పుడు ఇంజను ఎంత ఊపుతో దిగుతుందన్నదీ ఇదే లెక్కను తిరగేస్తే తెలుస్తుంది.

గుండ్లు, స్ప్రింగులు ఈ యంత్రంలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం. వాటిని షాక్ వాల్వులంటారు. ముందుకు పోతున్న పడవ ఇంజను కింది కాలు నీటి అడుగున దేనికైనా తగిలితే, ఇంజను వెనక్కి, పైకి తన్నుకోవాలి, లేకపోతే గేర్ పెట్టె పగులుతుంది. హుస్సేన్ సాగర్‌లో నిమజ్జనాలు ముగిశాక కొన్నాళ్లపాటు ఇనుప చువ్వలు, తాళ్ల ముద్దలు తగిలే అనుభవం అక్కడ పడవ నడిపినవారికి కొత్త కాదు. అలా తగిలిన క్షణంలో పిస్టన్ పై వైపు పీడనం ఒక్కసారిగా పెరిగి, స్ప్రింగులను నొక్కి, గుండ్లను లేపి, నూనె పిస్టన్‌లోంచే కింది వైపుకు దూకుతుంది. ర్యామ్ సాగుతుంది, ఇంజను లేస్తుంది. కింద విడిగా ఉన్న మరో పిస్టన్ మాత్రం కదలకుండా పాత చోటనే కూర్చుంటుంది. దెబ్బ దాటాక ఇంజను తన బరువుకు నెమ్మదిగా దిగి, ఆ పిస్టన్ మీద ఆనుకుని, ముందున్న కోణానికే తిరిగి వస్తుంది.

రివర్స్‌లో ప్రొపెల్లర్ ఇంజనును పైకి లాగుతుంది. ఆ లాగుడుకు గుండ్లు లేవనంత గట్టిగా స్ప్రింగులు ఉండాలి, చువ్వ దెబ్బకు మాత్రం లేవాలి. మీ దగ్గర లేస్తోందంటే మొదటి అనుమానితుడు మాన్యువల్ రిలీజ్ స్క్రూ, బిగించడం మరిచి ఉంటారు. అది బిగించే ఉంటే ఒక గుండు కింద నలుసు ఉండవచ్చు, ఒక స్ప్రింగు వేయడం మరిచి ఉండవచ్చు, లేదా మట్టం తక్కువై పిస్టన్ పైన నూనెకు బదులు గాలి ఉండవచ్చు. గాలి నలుగుతుంది, నూనె నలగదు. ముందు స్క్రూ, తర్వాత మట్టం, గాలి తీయడం, చివరగా విప్పడం, ఈ క్రమంలో వెతకండి. మళ్లీ విప్పవలసి వస్తే వాల్వు పైపలకను తెల్లని పళ్లెంలో పెట్టి తీయండి, గుండ్లను ఏ రంధ్రంలోంచి వచ్చినది ఆ రంధ్రంలోకే వేయండి. ఉతికిన గుడ్డ ముక్కలతో తుడవకండి, నూలు పోగు ఒక్కటి వాల్వు కింద చేరినా మొదటి ప్రశ్న అడిగిన బేగంపేట పాఠకుడి ఇంజనులాగే రాత్రికి రాత్రి దిగుతుంది. బిగించాక పడవను ఒడ్డుకు రెండు తాళ్లతో కట్టి, రివర్స్ వేసి, థ్రాటిల్‌ను కొద్దిగా మాత్రమే తెరిచి చూడండి. ఇంజను కాలు లేవకుండా నిలిస్తే అప్పుడు తాళ్లు విప్పవచ్చు.